చూరులో కంకి, మూకుడులో నీళ్ళు



ఎండలు ముదిరాయంటే మన ఇళ్ళలో పనుల వరసే మారిపోతుంది. ఆవకాయ ముక్కలు కొట్టడం, వడియాలు పెట్టడం, ఒరుగులు ఎండబెట్టడం, పిల్లల సెలవులు, ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలు. ఇంత హడావిడిలోనూ పొద్దున్నే వంటింటి కిటికీలోంచి పెరట్లోకి ఒక్కసారి చూడని ఇల్లాలు ఉండదు. డాబా మీద వడియాలకు కాపలా కూర్చున్నప్పుడు మనకు తోడెవరు చెప్పండి? కాకులూ, గోరింకలూ, ఉడతలూ. మనం అదిలిస్తాం, అవి ఎగిరిపోయి మళ్ళీ వస్తాయి. ఈ అదిలింపుల మధ్యనే వాటి సంగతులు మనకు చాలా తెలిసిపోతాయి. ఏ గోరింకల జంట ఏ కన్నంలో గూడు పెట్టిందో, కోయిల ఏ చెట్టు మీద కూర్చుని గొంతెత్తుతుందో, కాకి దాన్ని ఎందుకు తరుముతుందో, అన్నీ మనకు తెలుసు. తెలుసునన్న సంగతే మనకు తెలియదు, అంతే.

పెరట్లో పిట్టలకు నాలుగు గింజలూ, కాసిని నీళ్ళూ పెట్టి వాటిని గమనించే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రలో రాజులూ యుద్ధాలూ తక్కువ, ఇల్లాళ్ళు ఎక్కువ. దాన్ని ఈవేళ మన విద్యానగర్, తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ చుట్టూ తిరుగుతూ చెప్పుకుందాం.

పిట్టలకు మేత పెట్టే పళ్ళేలు, గూళ్ళు అంటే ఇదేదో దొరల దేశం నుంచి వచ్చిన సరదా అనుకుంటారు చాలామంది. కానీ మన అమ్మమ్మల ఇళ్ళలో చూరుకు వేలాడే వరి కంకుల కుచ్చుల్ని గుర్తు చేసుకోండి. కోతలయ్యాక మంచి కంకులు ఏరి, జడ అల్లినట్టు అల్లి, కుచ్చుగా కట్టి ఇంటి ముందు చూరుకో, గుళ్ళో మండపానికో వేలాడదీసేవారు. ఇంటికి అందం, పిచ్చుకలకు గ్రాసం. అందులో ఎంత తెలివి ఉందో చూడండి. పిచ్చుక తేలికైన పిట్ట గనుక ఊగే కంకిని పట్టుకుని వేలాడుతూ గింజ ఒలుచుకుంటుంది. కాకిలాంటి పెద్ద పిట్టకు అక్కడ కాలు నిలవదు. కింద గింజ పడితే చీమలకూ, కోడిపిల్లలకూ పనికొస్తుంది. పిల్లి ఎగిరి అందుకోలేదు. పిట్టల మేత గురించి ఈనాడు నిపుణులు చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఆ కుచ్చులో ఇమిడి ఉన్నాయి. ముగ్గులో బియ్యప్పిండి వెయ్యడం, భోజనానికి ముందు కాకికి ఒక ముద్ద తీసి పెట్టడం, వేసవిలో చలివేంద్రాలు పెట్టడం, ఇవన్నీ ఆ కోవలోవే. కలిగిన దాంట్లో నోరులేని జీవాలకూ ఒక వాటా ఉండాలన్నది మనవాళ్ళు చదివి నేర్చుకున్నది కాదు, చేస్తూ నేర్చుకున్నది.

ఇక మన చోటు సంగతికి వద్దాం. ఈనాడు విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ నేల ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరులో భాగం. ఆవిడ 1768లో పుట్టి 1824లో పోయారు. ఉర్దూలో గజళ్ళు చెప్పిన కవయిత్రి, నిజాం దర్బారులో గౌరవం పొందిన కళావతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. మొదట్లో నగరంలో అద్దె భవనాల్లోనే నడిచింది. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో శంకుస్థాపన జరిగితే 1939లో ప్రారంభోత్సవం అయింది. చుట్టూ వెయ్యి ఎకరాలకు పైగా నేల. బండరాళ్ళు, తుప్పలు, వేపలు, తుమ్మలు, సీతాఫలం పొదలు. ఆ రాతి భవనాన్ని చూసి మనం గర్వపడతాం, పడాల్సిందే. కానీ పిట్టల లెక్కలో గొప్పది ఆ భవనం కాదు, దాని చుట్టూ కట్టకుండా వదిలిన నేల.

తార్నాక పేరుకు కూడా ఒక కథ చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే తనిఖీ చేసే చోటు. నిజాంల కాలంలో అక్కడ తోట చుట్టూ ముళ్ళతీగ కట్టి కాపలా పెట్టారని, దానివల్ల ఆ పేరు వచ్చిందని అంటారు. ఆ తరువాత 1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధనా సంస్థ తార్నాకకు తరలి వచ్చింది. పక్కనే మరికొన్ని పరిశోధనాలయాలు వెలిశాయి. వాటికీ చెట్లున్న విశాలమైన ఆవరణలే. ఇటు విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి ఆంధ్ర మహిళా సభ, దాని చుట్టూ ఉద్యోగస్థుల ఇళ్ళు. ముందు మందార, నందివర్ధనం, వెనక బావి, జామ, సపోటా, కరివేపాకు చెట్టు. కరివేపాకు చెట్టు మనకు తాలింపు కోసం. దాని నల్లటి పళ్ళు మాత్రం కోయిలకూ, పిగిలిపిట్టకూ. మందార పువ్వు మనకు దేవుడి గూటికి. దానిలోని తేనె మాత్రం తేనెపిట్టకు. ఇలా మనకు తెలియకుండానే ప్రతి పెరడూ ఒక పిట్టల సత్రమైంది. అవతల ఉస్మానియా ఆవరణ పెద్ద అడవి, ఇవతల మన పెరళ్ళు చిన్న చిన్న మజిలీలు.

హైదరాబాదు రాజ్యంలో పిట్టల్ని మొట్టమొదట పద్ధతిగా లెక్క వేసింది సాలిం అలీ గారు. ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడు గాలి తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక మెడ మీద పసుపుపచ్చ మచ్చ చూసి, అదేమి పిట్టో తెలుసుకోవాలని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. ఆయన జీవితమే అలా మలుపు తిరిగింది. 1930 ప్రాంతాల్లో ఆయనకు ఉద్యోగం లేదు. అప్పుడొక ఉపాయం ఆలోచించారు. సంస్థానాల్లో పిట్టల సర్వే చేసి పెడతాను, నాకు జీతం అక్కర్లేదు, బండి ఖర్చులూ గుడారాల ఖర్చులూ భరించండి చాలునన్నారు. నిజాం ప్రభుత్వం ఒప్పుకుంది. 1931-32లో సుమారు 82,000 చదరపు మైళ్ళ రాజ్యంలో అడవులూ, చెరువులూ, కొండలూ తిరిగారు. ఆ వివరాలు 1933, 1934 సంవత్సరాల్లో బొంబాయి సంఘం పత్రికలో వరసగా అచ్చయ్యాయి.

ఈ కథలో మనం గమనించవలసిన మనిషి మరొకరున్నారు. ఆయన భార్య తెహమీనా. సుఖంగా పెరిగిన పిల్ల. సంపాదన లేని భర్త వెంట గుడారాల్లో కాపురం చేసింది. శిబిరం ఏర్పాట్లు ఆవిడ చూసుకుంటేనే ఆయన పొద్దున్నే పిట్టల వెనక తిరగగలిగారు. ఆయన రాతకు మెరుగు దిద్దడంలో కూడా ఆవిడ చెయ్యి ఉంది. 1939లో శస్త్రచికిత్స తరువాత ఆవిడ కన్నుమూశారు. భారతీయ పక్షుల మీద ఆయన ప్రఖ్యాత గ్రంథం 1941లో వెలువడింది, ఆవిడ చూడలేదు. సాలిం అలీ గారు 1987 దాకా జీవించి పద్మవిభూషణులయ్యారు. వెనక నిలబడ్డవాళ్ళ పేర్లు చరిత్రలో చిన్న అక్షరాల్లో పడటం మనకు కొత్త కాదు కదూ.

మన భాష కూడా ఈ శాస్త్రానికి చాలా ఇచ్చింది. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ అనే దొర 1862-64 మధ్య భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. ఆ పుస్తకంలో పిట్ట పిట్టకూ స్థానిక భాషల్లో పేర్లు రాశాడు. పిగిలిపిట్ట, నల్లంచి, పాలపిట్ట, గోరింక లాంటి మన తెలుగు పేర్లు అలా అచ్చుకెక్కాయి. ఆ పేర్లు ఆయనకు చెప్పిందెవరు? వేటగాళ్ళు, పశువుల కాపర్లు, పాలెగాపులు. ఈనాడు మన పిల్లలకు తోక కింద ఎర్రటి మచ్చా, నెత్తిన నల్లటి కుచ్చూ ఉన్న పిట్టను చూపిస్తే బుల్‌బుల్ అంటారు. పిగిలిపిట్ట అన్న మాట వాళ్ళకు తెలియదు. నల్లగా నిగనిగలాడుతూ తోక ఎగరేసుకుంటూ గోడ మీద గెంతే చిన్న నల్లంచికి పేరే లేకుండా పోయింది. పేరు పోయిన పిట్ట కళ్ళ ముందున్నా కనిపించదు.

ఆ జెర్డాన్ పేరుతోనే ఒక పిట్ట ఉంది. కడప జిల్లా చిట్టడవుల్లో తిరిగే కలివికోడి. 1900 తరువాత దాన్ని చూసిన శాస్త్రజ్ఞుడు లేడు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి సంఘానికి చెందిన భరత్ భూషణ్ గారు ఆ ప్రాంతంలో ఊరూరా తిరిగి బొమ్మ చూపించి అడిగితే, పిట్టలు పట్టే పల్లెటూరి మనుషులు పేరుతో సహా చెప్పారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఆ పిట్ట దొరికింది. పుస్తకాలు పోయిందని రాసినా ఊరి జనం మాత్రం దాన్ని మరిచిపోలేదన్నమాట. రోజూ చూసేవాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు ఇల్లాళ్ళ సంగతికి వస్తాను. 1801లో మద్రాసు సుప్రీంకోర్టుకు హెన్రీ గ్విలిం అనే జడ్జీ వచ్చాడు. ఆయన భార్య ఎలిజబెత్. కొత్త దేశం, కొత్త ఎండ. ఆవిడ ఊరికే కూర్చోలేదు. మన తెలుగు నేర్చుకుంది. పిట్టలు పట్టేవాళ్ళు తెచ్చిన పిట్టల్ని ఎదురుగా పెట్టుకుని ఈక ఈకా చూసి రంగుల్లో బొమ్మలు వేసింది. ఆ ఎండల్లోనే ఆరేళ్ళు గడిపి 1807లో మద్రాసులోనే కన్నుమూసింది. ఆవిడ బొమ్మలు ఎవరికీ తెలియకుండా వందేళ్ళకు పైగా మూలపడి ఉన్నాయి. 1924లో లండన్‌లో కేసీ వుడ్ అనే వైద్యుడి కంటపడి కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. నూటికి పైగా ఉన్న ఆ పక్షుల చిత్రాలను ఈనాడు పండితులు ఆశ్చర్యంగా చూస్తున్నారు. ఆవిడ రంగుల్లో పెట్టకపోతే రెండు వందల ఏళ్ళనాటి మద్రాసు పిట్టల ముఖం మనకు తెలిసేది కాదు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో మార్గరెట్ మోర్స్ నైస్ అని ఒకావిడ ఉండేవారు. ఐదుగురు ఆడపిల్లల్ని కన్న తల్లి. వంట, ఇల్లు, పిల్లల చదువులు అన్నీ చూసుకుంటూనే 1928లో తన ఇంటి పక్క తిరిగే ఒక రకం పిచ్చుకల్ని పరిశీలించడం మొదలుపెట్టారు. ఒక్కో పిట్ట కాలికి ఒక్కో రంగు కడియం వేసి, ఏది ఏదో గుర్తుపట్టేటట్టు చేసుకున్నారు. ఏ పిచ్చుక ఎవరి కొడుకు, ఎవరి గూడు ఎక్కడ, ఎవరు ఎవరితో తగువులాడారు, అంతా రాసి పెట్టుకున్నారు. సుమారు ఎనిమిదేళ్ళు అలా రాశాక 1937లో ఒకటి, 1943లో ఒకటి రెండు సంపుటాలు వచ్చాయి. పక్షుల ప్రవర్తన మీద అవి ఈనాటికీ ప్రామాణిక గ్రంథాలు. ఆవిడ చూసింది మారుమూల అడవుల్లోని వింత పిట్టను కాదు, ఇంటి పక్క పిచ్చుకను. గొప్పతనమంతా విడవకుండా చూడటంలో ఉంది.

మన దేశంలోనూ అలాంటివారున్నారు. బీహారులో పుట్టిన జమాల్ ఆరా పై చదువులకు వెళ్ళలేదు. అయినా చోటానాగపూర్ అడవుల్లో పిట్టల్ని గమనించి వ్యాసాలు రాశారు, ఆకాశవాణిలో కార్యక్రమాలు చేశారు. పిల్లలకూ పెద్దలకూ అర్థమయ్యేటట్టు ఆవిడ రాసిన పుస్తకాన్ని నేషనల్ బుక్ ట్రస్టు 1970లో ప్రచురించింది. ఢిల్లీ ప్రాంతపు పక్షుల మీద ఉషా గంగూలీ రాసిన గ్రంథం ఆవిడ పోయాక 1975లో వెలువడింది. మన హైదరాబాదులో 1980లో పక్షులను గమనించేవారి సంఘం ఏర్పడింది. ఇప్పుడది డెక్కన్ బర్డర్స్ అన్న పేరుతో నడుస్తోంది. ఆ సంఘం పత్రిక పేరేమిటో తెలుసా? అచ్చ తెలుగులో ‘పిట్ట’!

ఇంగ్లండులో పిట్టలకు మేత పెట్టడం పెద్ద అలవాటుగా మారింది చలికాలంలో. 1890-91 శీతాకాలం అక్కడ చాలా కఠినంగా గడిచింది. మంచు కప్పిన నేల మీద పిట్టలకు తిండి దొరకదు గనుక రొట్టెముక్కలు పెట్టండని పత్రికలు ఇల్లాళ్ళకు విజ్ఞప్తి చేశాయి. 1910 నాటికి అది జాతీయ కాలక్షేపమైందని ‘పంచ్’ పత్రిక రాసింది. మరొక తమాషా వినండి. 1921లో సౌతాంప్టన్ దగ్గర ఒక ఊళ్ళో చిన్న పిట్టలు వాకిట్లో పెట్టిన పాలసీసాల మూతలు చించి మీగడ తినడం జనం గమనించారు. తరువాత ఆ విద్య దేశమంతా పాకింది. 1949లో ఇద్దరు శాస్త్రజ్ఞులు దాని మీద పరిశోధన పత్రం రాశారు. ఆ పత్రానికి ఆధారం మామూలు జనం రాసి పంపిన సమాచారమే. మన వాకిట్లో కాకి పాలపేకెట్టు పొడిస్తే మనం తిట్టుకుని ఊరుకుంటాం. వాళ్ళు తేదీ వేసి రాసుకున్నారు, తేడా అదే.

వాళ్ళ పిట్టలకు గండం చలికాలం. మన పిట్టలకు గండం ఎండాకాలం. కాబట్టి వాళ్ళ పద్ధతి మనకు యథాతథంగా పనికిరాదు. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. 2015 వడగాడ్పుల్లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంతమంది పోయారో మరిచిపోగలమా? మనుషులకే అలా ఉంటే పిట్టల మాట చెప్పాలా! పిట్ట ఒంటి వేడి మామూలుగానే మనకంటే ఎక్కువ, 40 డిగ్రీలు దాటి ఉంటుంది. మనకులాగా దానికి చెమట పట్టదు. అందుకే మిట్టమధ్యాహ్నం కాకి నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకుని రొప్పుతూ కూర్చుంటుంది. నోటిలోని తడి ఆవిరైతేనే దాని ఒళ్ళు చల్లబడుతుంది. అంటే ఒళ్ళు చల్లబరచుకోవడానికే నీళ్ళు ఖర్చు. ఆ నీళ్ళు మళ్ళీ దొరక్కపోతే చిన్న పిట్ట గంటల్లో నీరసించి పోతుంది.

అందులోనూ తేడాలున్నాయి. పురుగులూ పళ్ళూ తినే పిట్టలకు తిండిలోనే కొంత తడి దొరుకుతుంది. పిచ్చుకలు, గువ్వలు తినేది ఎండు గింజలు. వాటికి నీళ్ళ అవసరం ఎక్కువ. నీళ్ళ మూకుడు దగ్గర పది నిమిషాలు నిలబడితే ఇంకో వింత కనిపిస్తుంది. పిచ్చుక ముక్కుతో నీళ్ళు అందుకుని తల పైకెత్తి గుటక వేస్తుంది. గువ్వలూ పావురాలూ మాత్రం ముక్కు ముంచి, తల ఎత్తకుండా, మనం గడ్డిగొట్టంతో పీల్చినట్టు తాగేస్తాయి. పిల్లలకు ఈ ఒక్కటి చూపించండి, సెలవుల్లో ఒక పాఠం అయిపోతుంది.

తిండి మాటకొస్తే వేసవిలో పెట్టేవాడు దేవుడే. మే, జూన్ నెలల్లో వేప పళ్ళు పండుతాయి. రావి, మర్రి, జువ్వి కాయలు ఉండనే ఉన్నాయి. ఉస్మానియా ఆవరణలో గోరింకలూ కోయిలలూ ఆ చెట్లనే ఆశ్రయిస్తాయి. పెరట్లో ఒక వేపచెట్టు ఉంటే అది వంద పళ్ళేల పెట్టు. అది కొట్టేసి, బాల్కనీలో గిన్నె పెట్టి పుణ్యం కట్టుకున్నామనుకోవడం సరికాదు.

అసలు బాధ ఇక్కడే ఉంది. విద్యానగర్‌లో, తార్నాకలో పెరడున్న ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లయ్యాయి. బావి పూడ్చారు, జామచెట్టు కొట్టారు, మట్టి కనపడకుండా సిమెంటు పోశారు. ఎవరినీ తప్పు పట్టలేం. పిల్లలు పెరిగారు, వాటాలు పంచుకోవాలి, అద్దెలు రావాలి. కానీ పిచ్చుక సంగతి చూడండి. దానికి గూడు పెట్టుకోవడానికి కన్నం కావాలి. పెంకుటిళ్ళ చూరు, దూలాల సందు, గోడలో గూడు, ఇవి ఉన్నన్నాళ్ళు అది మనతో కాపురం చేసింది. అద్దాల గోడల్లో దానికి చోటు లేదు. పైగా పిచ్చుక గింజలు తినేదే అయినా పిల్లలకు మొదటి రోజుల్లో పెట్టేది పురుగులు. మనం గిన్నెడు కొర్రలు పోసినా, చుట్టూ పచ్చని మొక్కా పురుగూ లేకపోతే దాని పిల్ల బతకదు. మేత ఉంటే సరిపోదు, మట్టి ఉండాలి.

పిచ్చుక పోయిన చోటికి ఎవరొచ్చారు? పావురం. కొండల అంచుల్లో గూళ్ళు పెట్టే పిట్టకు అపార్ట్‌మెంటు గట్టు కొండలాగే ఉంటుంది. మక్కా మసీదు దగ్గరా, మోజంజాహీ మార్కెట్టు దగ్గరా జొన్నలు చల్లడం మన నగరంలో పాత ముచ్చట. దయతో చేసేదే. కానీ రోజూ బస్తాలకొద్దీ గింజలు పోస్తే ఒక్క పావురమే పెరిగి మిగతా పిట్టల చోటు ఆక్రమిస్తుంది. ఎండిన రెట్టల ధూళి రోజూ పీల్చేవారికి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్ళూ, ముసలివాళ్ళూ ఉన్న ఇళ్ళలో బాల్కనీని పావురాలకు వదిలెయ్యడం మంచిది కాదు. దయకు కూడా లెక్క ఉండాలి.

పిచ్చుకలు నిజంగా తగ్గాయా, మనకలా అనిపిస్తోందా? ఇది నేనో మీరో చెప్పే మాట కాదు. 2020లో దేశంలోని పక్షుల స్థితి మీద ఒక నివేదిక వచ్చింది. దేశం మొత్తం మీద పిచ్చుకలు నిలకడగానే ఉన్నాయి గాని, పెద్ద నగరాల్లో తగ్గాయని తేలింది. ఆ నగరాల్లో మన హైదరాబాదు ఒకటి. 2023లో మరో నివేదిక వచ్చింది. అందులో 942 జాతుల సంగతి పరిశీలించారు. నెమళ్ళు బాగా పెరిగాయట. పాలపిట్ట మాత్రం గత పన్నెండేళ్ళ కాలంలో 30 శాతానికి పైగా తగ్గిందట. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో రాష్ట్ర పక్షిగా ఎంచుకున్న పాలపిట్టే అది. దసరానాడు దాన్ని చూస్తే శుభమని ఊరి బయటికి వెళతాం. కొందరు పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని ఒప్పుకోదు. పంజరంలో రొప్పే పిట్టను చూస్తే శుభమెలా వస్తుందో ఆలోచించండి.

ఈ నివేదికలకు లెక్కలు ఎక్కడివి? ప్రభుత్వం వేల మంది ఉద్యోగుల్ని పెట్టి లెక్కపెట్టించలేదు. 30,000 మందికి పైగా మామూలు మనుషులు తాము చూసిన పిట్టల జాబితాలు రాసి పంపితే వాటిని కూడి తేల్చారు. అమెరికాలో 1998లో మొదలైన పెరటి పిట్టల లెక్కింపు 2013 నుంచి ప్రపంచమంతా జరుగుతోంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, ఒక చోట కనీసం పదిహేను నిమిషాలు నిలబడి కనపడిన పిట్టల్ని లెక్కపెట్టి రాయడం, అంతే. పప్పు ఉడికే లోపల అయిపోయే పని.

ఇక్కడే మన లోటు కనిపిస్తుంది. విద్యానగర్ ఇళ్ళలోంచి పిచ్చుక ఏ ఏడు వెళ్ళిపోయింది? అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. మా పెద్దవాడు బళ్ళో ఉండగా ఉండేవి, అమ్మాయి పెళ్ళినాటికి లేవు అంటారు. పాలవాడి లెక్క, చాకలి పద్దు నెల నెలా క్యాలెండరు మీద రాసిన చేతులే మనవి. పిచ్చుకల పద్దు మాత్రం రాయలేదు. అది ఎవరి తప్పూ కాదు. అదొక సమాచారమని మనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది గనుక ఇకనైనా రాద్దాం.

ఈ వేసవికి మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. లోతు లేని మట్టి మూకుడు ఒకటి తీసుకోండి. రెండంగుళాలకు మించి నీళ్ళు వద్దు. మధ్యలో ఒక రాయి పెడితే చిన్న పిట్టకు కాలు ఆనుతుంది, పడ్డ తేనెటీగ కూడా గట్టెక్కుతుంది. ప్లాస్టిక్కు, స్టీలు ఎండకు కాలిపోతాయి. మట్టి పాత్ర నీటిని చల్లగా ఉంచుతుంది. నీడలో, పిల్లి పొంచి ఉండే పొదలకు దూరంగా పెట్టండి. రోజూ నీళ్ళు పారబోసి, పాత్ర తోమి, కొత్త నీళ్ళు పొయ్యాలి. పారబోసిన నీళ్ళు తులసికో, కరివేపాకుకో పొయ్యండి, వృథా పోవు. తోమకపోతే రెండు నష్టాలు. ఒకటి, మన ఇంట్లోకి దోమలు. రెండు, ఒక జబ్బు పిట్ట ముక్కు ముంచిన నీళ్ళ నుంచి పది పిట్టలకు జబ్బు. శుభ్రం చేసే ఓపిక లేకపోతే అసలు పెట్టకపోవడమే మేలు.

గింజలు పెట్టేవాళ్ళు కొద్దిగా పెట్టండి, ఒక గుప్పెడు చాలు. నూకలు, కొర్రలు, సజ్జలు మంచివి. ఉప్పూ, కారం, నూనె ఉన్న మిగులు కూరలూ బిస్కెట్లూ పెట్టవద్దు. వీలైతే కంకులు తెప్పించి కుచ్చు కట్టండి. పిల్లలకు అల్లడం నేర్పండి. కుండీలో అయినా ఒక మందార, ఒక కరివేపాకు పెంచండి. వాటి మీద పురుగుమందు కొట్టకండి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు గోడలో ఒకటిన్నర అంగుళాల లోపు కన్నం ఉన్న చెక్కపెట్టె ఒకటి నీడపట్టున బిగించుకుంటే పిచ్చుకకు పాత చూరు తిరిగి ఇచ్చినట్టే.

అన్నిటికంటే ముఖ్యం, ఒక పాత నోటుబుక్కు. వంటింటి కిటికీ దగ్గర దారం కట్టి వేలాడదీయండి. తేదీ, వేళ, పిట్ట పేరు, ఎన్ని వచ్చాయి, ఏం చేశాయి. ఒక్క వాక్యం చాలు. పేరు తెలియకపోతే రంగు రాయండి, కూత ఎలా ఉందో రాయండి, అత్తగారిని అడగండి. ఆవిడకు మనకు తెలియని పేర్లు పది తెలిసి ఉంటాయి. ఆవిడ ఉండగానే రాసి పెట్టుకోండి. జెర్డాన్ దొర నూటయాభై ఏళ్ళ క్రితం చేసినది అదే కదా.

ఎలిజబెత్ గ్విలిం బొమ్మలు చూడటానికి లోకానికి వందేళ్ళకు పైగా పట్టింది. మన నోటుబుక్కులు అంతకాలం ఆగనక్కర్లేదు. ఒక పదేళ్ళ తరువాత మన మనవరాలు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, ఈ వీధిలో ఫలానా ఏడు వేసవిలో ఇన్ని పిచ్చుకలు నీళ్ళు తాగాయని చదువుకుంటే, అది మనం రాసిన చరిత్రే అవుతుంది. పొద్దున్నే పాలు కాగేలోపు మొదలుపెట్టండి.